కావలివారి భృతి

ప్రభుత్వ పనితీరుపై నిఘా వేసే లాభాపేక్ష లేని సంస్థలు కొందరు యువతీయువకులను నిర్ణీత కాలానికి భృతి ఇచ్చి పరిశోధనకు తీసుకుంటాయి. ఈ ఏర్పాటునే ఫెలోషిప్ అంటారు. ఫెలోలు బడ్జెట్ లెక్కలు, కాంట్రాక్టు పత్రాలు, ఆడిట్ నివేదికలు చదివి, తేడా ఎక్కడుందో బయటపెడతారు. పైకి ఉద్యోగ శిక్షణలా కనిపించే ఈ పద్ధతిలో ఒక పాత నైతిక ప్రశ్న ఇమిడి ఉంది. ఒకరి సొమ్ముతో బతికే మనిషి అందరి తరఫునా నిష్పక్షపాతంగా కాపలా కాయగలడా?

ప్లేటో ‘రిపబ్లిక్’ మూడో భాగంలో దీనికి ఒక సమాధానం దొరుకుతుంది. నగర రక్షకులకు సొంత ఆస్తి ఉండకూడదు, వారు వెండి బంగారాలు ముట్టకూడదు. పౌరులిచ్చే భృతి ఏడాది గడవడానికి సరిపోవాలి, మిగలకూడదు, చాలకపోకూడదు. భూములూ ఇళ్లూ సమకూర్చుకున్న రక్షకులు పౌరులకు మిత్రులుగా ఉండక వారిపై యజమానులవుతారని ప్లేటో భయం. కౌటిల్యుడిది మరో దారి. ఉద్యోగులు ఖజానా సొమ్ము కాజేసే 40 మార్గాలను అర్థశాస్త్రం ఏకరువు పెట్టి, వారిపై గూఢచారులను నియమించమంటుంది. అయితే ఆ గూఢచారి రాజు మనిషి. కింది ఉద్యోగి దొంగతనం అతనికి దొరుకుతుంది కానీ, రాజు తప్పును నిలదీయడం అతని పని కాదు.

ఆధునిక భారతదేశంలో ప్లేటో ఆదర్శాన్ని తలపించే ప్రయత్నం గోపాలకృష్ణ గోఖలే 1905లో పుణేలో నెలకొల్పిన సర్వెంట్స్ ఆఫ్ ఇండియా సొసైటీ. తమకూ తమ కుటుంబానికీ సంస్థ ఇచ్చినదానితో సరిపెట్టుకుంటామని, సొంతానికి డబ్బు సంపాదించబోమని సభ్యులు ప్రతిజ్ఞ చేసేవారు. ఈ ఆదర్శం గొప్పదే అయినా, జీవితాంతం త్యాగం చేయగలవారు ఏ కాలంలోనైనా కొద్దిమందే.

భృతి అసలు లేకపోతే మరో అన్యాయం జరుగుతుంది. జీతం లేని రాజకీయం ఆస్తిపరుల చేతుల్లోకే పోతుందని జర్మన్ సామాజికశాస్త్రవేత్త మాక్స్ వెబర్ 1919లో వాదించాడు. నిఘా పనికీ ఇది వర్తిస్తుంది. పని మానేస్తే పూట గడవని ఇంటి బిడ్డ ఉచితంగా లెక్కలు తనిఖీ చేయలేడు. రాజస్థాన్‌లో 1990లో మొదలైన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్‌లో పూర్తికాలపు కార్యకర్తలు కనీస వేతనంతో సమానమైన మొత్తం తీసుకుంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీకి కూలీ కుటుంబాల యువతను తీసుకున్నారు. అయితే పక్షపాతానికి తావు లేకుండా, 2011 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం తనిఖీలో సాయపడేవారు ఆ పంచాయతీలో నివసించేవారై ఉండకూడదు.

భృతి ఎంత అన్నదానికన్నా ఎవరిది అన్నది పెద్ద ప్రశ్న. అమెరికాలో 1981లో సైనిక కొనుగోళ్లపై నిఘాకు పుట్టి, తరవాత ‘ప్రాజెక్ట్ ఆన్ గవర్నమెంట్ ఓవర్‌సైట్’గా పేరు మార్చుకున్న సంస్థ ప్రభుత్వం నుంచి గానీ, కార్పొరేట్ సంస్థల నుంచి గానీ, తన పరిశోధనల ఫలితంతో ఆర్థికంగా ముడిపడిన మరెవరి నుంచి గానీ విరాళం తీసుకోకూడదని నియమం పెట్టుకుంది. అయినా రెండు చిక్కులు మిగులుతాయి. ఏ విషయాన్ని పరిశోధించాలన్నది దాత ఇష్టాయిష్టాలను బట్టి మారవచ్చు. గడువు ముగిశాక ఎక్కడ ఉద్యోగం దొరుకుతుందోనన్న ఆలోచన ఫెలో కలాన్ని మెత్తబరచవచ్చు. గడువు పెట్టడం వల్ల పదవిపై మమకారం పెరగదు కానీ, రేపటి యజమానిపై భయం పుట్టే అవకాశం ఉంది.

ఈ చిక్కులకు ఫెలో నిష్కామంగా పనిచేయడమే మందు అనిపించవచ్చు. కానీ భగవద్గీత చెప్పే నిష్కామకర్మ కర్త మనసుకు సంబంధించినది. ఫలాపేక్ష ఉందా లేదా అన్నది చివరికి అతని అంతరంగానికే తెలుస్తుంది. సంస్థకు ఆ అంతరంగాన్ని తనిఖీ చేసే సాధనం లేదు. అది చూడగలిగేవి విరాళాల పట్టిక, స్వప్రయోజనాల ప్రకటన, నివేదికకు ఆధారమైన పత్రాలు, భృతి రసీదులు. అందువల్ల నిష్పాక్షికతను వ్యక్తి సుగుణంగా మాత్రమే ఆశించే సంస్థ అదృష్టం మీద ఆధారపడుతుంది. ఫెలో నిజాయితీపరుడే అయినా, ఆ సంగతి బయటివారు సరిచూసుకునే వీలు కల్పించడం సంస్థ బాధ్యత. ప్రభుత్వాన్ని అడిగే లెక్కలను తానూ చూపించే సంస్థకే వాటిని అడిగే నైతిక హక్కు నిలుస్తుంది.