లెక్కలో మనం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల మన తాండాలకు, ఎరుకల, యానాది కాలనీలకు సర్వే వాళ్లు వస్తే అడిగేవాటిలో ఇవీ ఉంటాయి: తాగుతారా, బీడీ కాలుస్తారా, గుట్కా వేస్తారా? నిజం చెప్పాలా?

దేశంలో 10 నుంచి 75 ఏళ్ల వాళ్లలో 14.6 శాతం మద్యం తాగుతున్నారని 2019లో ఎయిమ్స్ సర్వే చెప్పింది. ఆ అంకె ఎవరి ఒంటికీ అంటుకోదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మాత్రం కులాలవారీగా పట్టిక వేస్తుంది. మద్యం దగ్గర ఎస్టీల శాతమే ఎక్కువ. చూసినవాళ్లు "వీళ్లింతే" అంటారు. ఎరుకలను పుట్టుకతోనే నేరస్తులని రిజిస్టర్లో రాసిన చట్టం 1952లో పోయింది. రిజిస్టరంటే బెదురు మాత్రం మన పెద్దల్లో పోలేదు. "లేదు సార్" అని వాళ్లు అనేస్తే తప్పుపట్టలేం.

అయితే లేదన్న చోట వైద్యం అవసరమూ కనబడదు. తాగి పడిపోయేవాడి ఇల్లాలి గోడు ఏ గడిలోనూ పడదు. వారానికెన్నిసార్లని అడుగుతారు గానీ ఎందుకని అడగరు. (పండక్కి దేవతకు ధారపోసి గుక్కెడు తాగడం వేరే సంగతి.)

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు తాగేవాళ్లను లెక్కపెట్టలేదు. సారాయి ఊళ్లోకి రానివ్వమన్నారు. మరుసటి ఏడాది ప్రభుత్వం సారాయిని నిషేధించింది.

కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెబుదాం. చెప్పాక మనమూ అడుగుదాం: మా తాండాకు మందు దుకాణం ఎంత దూరం, ఆసుపత్రి ఎంత దూరం? వాళ్ల కాగితంలో ఆ గడి లేకపోతే గ్రామసభలో రాయిద్దాం.