విధేయత – ఇంటి గడప లోపల



దైవ విధేయత అనగానే నమాజు, రోజా, జకాత్, హజ్ మన కళ్ళ ముందు మెదులుతాయి. అవి ధర్మానికి మూలస్తంభాలు, అందులో సందేహం లేదు. అయితే మనల్ని మనం ఒక్కసారి పరీక్షించుకుందాం. రోజా ఉంటే నలుగురిలో గౌరవమే పెరుగుతుంది. పంది మాంసం ముట్టకపోవడం పసితనం నుంచే మనకు అలవాటు, అందులో మనసుతో పోరాటమే లేదు. మనసు ఒకవైపు లాగుతూ, దైవాదేశం మరోవైపు పిలిచినప్పుడే మనం ఎవరి దాసులమో తేలుతుంది. అందుకోసం ఏ యుద్ధభూమికీ వెళ్ళనక్కరలేదు. ఆ పరీక్ష మన ఇంట్లోనే, మన బీరువాలో దాచిన పొలం కాగితాల దగ్గరే జరుగుతుంది.

విధేయత ఒక్కరోజులో అబ్బేది కాదు. అల్లాహ్ తన దాసులకు దాన్ని ఎంత ఓర్పుగా నేర్పాడో మద్యనిషేధాన్ని చూస్తే అర్థమవుతుంది. మద్యం అరబ్బుల రక్తంలో కలిసిపోయిన అలవాటు. అందులో లాభం కన్నా పాపమే పెద్దదని మొదట తెలిపాడు (2:219). ఆ తర్వాత మత్తులో ఉండగా నమాజు దరిదాపులకు రావద్దన్నాడు (4:43). రోజుకు ఐదు పూటల నమాజు చేసే మనిషికి ఇక తాగడానికి సమయం ఎక్కడ మిగులుతుంది? చివరికి పూర్తిగా నిషేధించాడు (5:90). మొట్టమొదటే మద్యం తాగవద్దనే ఆజ్ఞ వచ్చి ఉంటే ప్రజలు ఎన్నటికీ మానేవారు కాదని విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి) అన్నారు. ముందుగా స్వర్గనరకాల ప్రస్తావన వచ్చింది. హృదయాలు అల్లాహ్ వైపు మళ్ళిన తర్వాతే హలాల్ హరామ్‌ల ఆజ్ఞలు దిగాయి.

ఇక చివరి ఆదేశం వచ్చిన రోజు సంగతి చూడండి. హజ్రత్ అబూ తల్హా (రజి) ఇంట్లో కొందరు కూర్చుని ఖర్జూరపు మద్యం తాగుతున్నారు. వడ్డిస్తున్నది యువకుడైన హజ్రత్ అనస్ (రజి). వీధిలో ఎవరో చాటింపు వేశారు. మద్యం నిషిద్ధమైపోయిందని తెలియగానే అబూ తల్హా (రజి) ఆ కుండలను ఒలకబోసేయమన్నారు. వార్త నిజమా కాదా అని వాళ్ళు ఎవరినీ అడగలేదు. చేతిలో ఉన్న గిన్నె పూర్తిచేసి రేపటినుంచి మానేస్తామని ఒక్కరూ అనలేదు. ఆనాడు మదీనా వీధుల్లో మద్యం పారింది. అది డబ్బు పెట్టి కొన్న సరుకు, శ్రమపడి తయారుచేసుకున్న సరుకు. నష్టం గురించి ఆలోచించడానికి కూడా వాళ్ళు ఆగలేదు.

మన నష్టం దగ్గరికి వచ్చేసరికి మనమేం చేస్తున్నాం?

తండ్రి చనిపోతాడు. జనాజా, దుఆలు, భోజనాలు అన్నీ సక్రమంగా జరుగుతాయి. కొన్నాళ్ళకు అన్నదమ్ములు పొలం పంచుకుంటారు. అక్కచెల్లెళ్ళను రిజిస్ట్రారు ఆఫీసుకు పిలిపించి, హక్కు విడుదల పత్రం మీద సంతకం చేయమంటారు. "మీ ఇంట్లో మీకేం తక్కువమ్మా, ఇక్కడ సంతకం పెట్టు" అంటాడు అన్న. ఆమె పెడుతుంది. ఆ మధ్యాహ్నం అందరూ కలిసి బిర్యానీ తిని, జొహర్ నమాజుకు మసీదుకు వెళతారు.

ఇదే మనం సభల్లో మైకు ముందు ఏమంటాం? ఇస్లాం 1400 సంవత్సరాల క్రితమే స్త్రీకి ఆస్తిహక్కు ఇచ్చిందని, మన దేశంలో హిందూ కుటుంబాల కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కునిచ్చే చట్టం 2005లో వచ్చిందని గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవడం వరకు బాగానే ఉంది. కాని ఆ సభలో వెనుక వరుసలో కూర్చున్న మన చెల్లెలు ఆ మాట విని ఏమనుకుంటుందో!

దివ్యఖుర్‌ఆన్ నమాజు ఎలా చేయాలో, ఎన్ని రకాతులో వివరంగా చెప్పలేదు. ఆ వివరాలను దైవప్రవక్త (సల్లం) నేర్పారు. వారసత్వం విషయంలో మాత్రం సగం, మూడోవంతు, ఆరోవంతు, ఎనిమిదోవంతు అంటూ లెక్కలే అవతరించాయి (4:11, 12). ఆ లెక్కలు ముగిసిన వెంటనే, ఇవి అల్లాహ్ గీసిన హద్దులని, ఆయనకూ ఆయన ప్రవక్తకూ విధేయులైనవారికి స్వర్గమని, అవిధేయులై హద్దు మీరినవారికి అగ్ని శిక్ష అని హెచ్చరిక వచ్చింది (4:13, 14). గమనించండి, విధేయత అనే మాట ఇక్కడ ఆస్తి పంపకం పక్కనే వచ్చింది!

ఈ ఆయతులు అవతరించిన సందర్భం కూడా హృదయాన్ని కదిలించేదే. హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) అన్సారీ సహాబీ. మక్కా నుంచి వలస వచ్చిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కి తన ఆస్తిలో సగం ఇస్తానన్న మహానుభావుడు ఆయనే. హిజ్రీ 3లో (క్రీ.శ. 625) ఉహద్ యుద్ధంలో షహీద్ అయ్యారు. అంతటి దాత ఆస్తిని ఆయన సోదరుడు ఆనాటి ఆచారం ప్రకారం మొత్తం తీసేసుకున్నాడు. ఇద్దరు ఆడపిల్లలకు ఏమీ మిగల్లేదు. వారి తల్లి పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని దైవప్రవక్త (సల్లం) సన్నిధికి వచ్చింది. ఆస్తి లేనిదే వీరికి పెళ్ళిళ్ళు కావని మొరపెట్టుకుంది. ఈ విషయంలో అల్లాహ్ తీర్పు ఇస్తాడని ప్రవక్త (సల్లం) చెప్పారు. ఆయతు అవతరించాక ఆ పినతండ్రిని పిలిపించి, కూతుళ్ళకు మూడింట రెండు వంతులు, వారి తల్లికి ఎనిమిదో వంతు ఇచ్చి, మిగిలింది నువ్వు తీసుకో అన్నారు. ఆస్తిని 24 భాగాలు చేస్తే కూతుళ్ళకు 16, తల్లికి 3, ఆయనకు 5. ఉదయం మొత్తం తనదే అనుకున్న మనిషికి చివరికి దక్కింది అంతే.

ఇదే లెక్క మన ఇంటికి వేసి చూద్దాం. తండ్రి 8 ఎకరాలు వదిలిపోయాడు. భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్ళు ఉన్నారు. ఆయన తల్లిదండ్రులు ముందే చనిపోయారు. ఖననం ఖర్చులు, అప్పులు తీర్చి, వసీయత్ ఉంటే మూడో వంతు మించకుండా దాన్ని నెరవేర్చాక, ఆ 8 ఎకరాలూ అలాగే మిగిలాయి. తల్లికి ఎకరం. మిగిలిన 7 ఎకరాల్లో కొడుక్కి మూడున్నర, ఒక్కో కూతురికి ఎకరం 75 సెంట్లు. ఈ పాటి లెక్క మన ఇళ్ళల్లో ఎవరికి రాదు?

"పెళ్ళికి లక్షలు ఖర్చు పెట్టాం కదా" అని కొందరంటారు. తండ్రి బతికుండగా పెట్టిన పెళ్ళిఖర్చు ఆయన మరణం తర్వాత వచ్చే వాటాను రద్దు చేయదు. పైగా ఇచ్చిన కట్నం షరీఅత్ అడిగింది కాదు, మనం మన చుట్టూ ఉన్నవాళ్ళను చూసి నేర్చుకున్నది. ఒక దురాచారాన్ని చూపించి ఒక ఫర్జ్‌ను ఎగవేయడం ఏం న్యాయం?

"ఆమే వద్దంది" అని మరికొందరంటారు. నిజమే, అంటుంది. వాటా అడిగితే పుట్టింటి గుమ్మం మూసుకుపోతుందని, పండగకు పిలిచేవాళ్ళుండరని, భర్తతో మాటపట్టింపు వస్తే తల దాచుకునే చోటు ఉండదని ఆమె భయం. ఆ భయాన్ని మనం మాఫీ అనుకుంటున్నాం. ముందు ఆమె వాటా ఎంతో ఆమెకు చెప్పి, ఆమె పేర రాసి, ఆమె చేతికి అప్పగించాలి. ఆ తర్వాత ఇష్టపూర్వకంగా తిరిగి ఇస్తే అది ఆమె బహుమతి. అప్పగించకుండానే తీసుకున్నది బహుమతి ఎలా అవుతుంది?

తండ్రి పోయి ఇరవై ఏళ్ళయినా ఆ వాటా మురిగిపోదు. అక్క చనిపోయి ఉంటే ఆమె వాటా ఆమె వారసులది. పొలం అమ్ముకుని ఉంటే దాని విలువ అప్పుగా మన మెడ మీదే ఉంది. ఒకేసారి తీర్చలేకపోతే గడువు అడగవచ్చు, కాని అడగాల్సింది ఆమెను. మగ్రిబ్ నమాజు ముగించుకుని వచ్చాక ఒక ఫోను చేయండి. "అక్కా, రేపు వస్తున్నాం. నాన్న పొలం సంగతి మాట్లాడాలి. బావగారిని కూడా ఇంట్లో ఉండమను."