కోనేటి ఒడ్డున 38 ఏండ్లు

ధ్యానభాగము: యోహాను సువార్త 5వ అధ్యాయము, 1 నుండి 16 వచనములు



యెరూషలేములో గొఱ్ఱెల ద్వారమునకు సమీపమున ఒక కోనేరు ఉండెను. అక్కడ బాగుపడుదుమని నమ్మి గ్రుడ్డివారు, కుంటివారు, కాలుసేతులు పడిపోయినవారు దాని మంటపములలో గుంపులుగా పడియుండిరి. (దేవదూత నీళ్లను కదలించుటను గూర్చిన వచనము కొన్ని ప్రాచీన ప్రతులలో కనబడదు. ఆ చర్చ పండితులకు విడిచిపెట్టుదము. రోగులు మాత్రము అక్కడ నిజముగానే ఉండిరి.) వారిలో ఒకడు 38 ఏండ్లనుండి వ్యాధితో ఉన్నవాడు. ప్రభువు వానియొద్దకు వచ్చి, నీకు బాగుపడవలెనని ఉన్నదా యని అడిగెను.

వాని జవాబును గమనించుడి. అవునని చెప్పలేదు, కాదనియు చెప్పలేదు. తన్ను ఎత్తి నీళ్లలో దింపుటకు తనకంటూ ఒక మనిషి లేడనియు, తాను ప్రాకుకొనుచు పోవులోగా మరియొకడు ముందుగా దిగిపోవుచున్నాడనియు చెప్పెను. కోనేరు దూరముగా లేదు. దానికి రుసుము లేదు. వానికి కొరతగా ఉన్నది తోడు వచ్చు మనిషి ఒక్కడే.

ఈ భాగముమీద నేను అనేక పర్యాయములు ప్రసంగించితిని. దాని అర్థము నాకు తెలిసినది మాత్రము ప్రసంగపీఠమునొద్ద కాదు, హైదరాబాదులో మూసీ ఒడ్డున ఒక బస్తీలోని రేకుల గదిలో.

మన సంఘములోని ఒక సహోదరి నాలుగు ఇండ్లలో అంట్లు తోమి ఇద్దరు బిడ్డలను సాకుచున్నది. భర్త లేడు. ఆమెకు దగ్గు పట్టుకొన్నదని బుధవారపు ప్రార్థనకూటములో మూడుసార్లు ఆమె పేరు ఎత్తి ప్రార్థించితిమి. తెమడ పరీక్ష చేయించుకొన్నదా అని మాలో ఒక్కరమును అడుగలేదు. ఆమె మూడు ఆదివారములు ఆరాధనకు రాకపోగా, విశ్వాసములో చల్లారినదేమో అని విచారించుటకు నేను పోతిని. ఆమె మంచముమీద కూర్చుండి, చెంగు నోటికి అడ్డముపెట్టుకొని దగ్గుచుండెను. మనిషి సగమైపోయినది.

"దవాఖానకు పోలేదా అమ్మా? దగ్గరనే ఉన్నది గదా!" అంటిని.

"దవాఖాన ఏడుందో నాకు ఎర్కే అయ్యగారూ. నా ఎంబడి వచ్చేటోళ్లే లేరు" అన్నది.

నేను తల వంచుకొంటిని. ఆ మాట ఎక్కడిదో నాకు తెలియును గదా.

పేదవారికి తమ ఆరోగ్యముమీద శ్రద్ధ లేదని మనలో కొందరు తరచుగా అందురు. ఈ మాట నాకు ఒప్పదు. 2018 లో హైదరాబాదులో బస్తీ దవాఖానలు మొదలుపెట్టబడెను. వైద్యుడు చూచుటకును మందులకును అక్కడ డబ్బు పుచ్చుకొనరు. ఇది మేలైన పని, దేవునికి స్తోత్రము. అయితే అవి తెరచియుండునది పగటివేళ. ఆ వేళనే ఈమె పరుల ఇండ్లలో గిన్నెలు తోముచుండవలెను. ఒకదినము మానినయెడల కూలి పోవును, రెండు దినములు మానినయెడల ఆ ఇల్లే పోవును. అక్కడినుండి పెద్దాసుపత్రికి పొమ్మందురేని చీటీ ఎక్కడ వ్రాయించవలెనో, ఏ వరుసలో నిలువవలెనో, ఏ గదికి పోవలెనో చెప్పువారు కావలెను. చదువు రాని మనిషికి ఆ వసారా బేతెస్ద మంటపమే. ఆమె అడిగి తెలిసికొనులోగా మరియొకరు ముందుగా పోవుదురు.

ఆమెకు క్షయ అని తేలినది. పూర్వకాలమున ఈ రోగము కుదురవలెనన్న కొండగాలి, మంచి ఆహారము, నెలలతరబడి పడక అవసరమని తలంచిరి. అందుచేతనే నూరేండ్లకు పూర్వము మిషనులు ఏకమై మదనపల్లె దగ్గర ఆరోగ్యవరము కట్టినవి. అచ్చట బ్రదికి బయటపడినవారు అనేకులు. అయితే 1956 లో మదరాసులో వైద్యులు ఒక పరిశోధన ఆరంభించిరి. ఆ పట్టణపు బీదరోగులలో కొందరిని శానిటోరియములో ఉంచి, కొందరిని వారి ఇరుకు ఇండ్లలోనే ఉంచి, ఇరువురికిని ఒక సంవత్సరము ఒకే మందులిచ్చిరి. 1959 లో ఫలితము వెల్లడియైనది. ఇంటనున్నవారు తక్కువ తిని ఎక్కువ కష్టపడినను, ఇంచుమించుగా శానిటోరియమువారివలెనే బాగుపడిరి. వారి ఇంటివారికి రోగము అధికముగా అంటనూ లేదు. ఆ ఇండ్లకు మనుష్యులు పోయి, మాత్రలు లెక్కచూచి, మ్రింగుచున్నారో లేదో కనుగొనుచుండిరి. ఆ సంగతి చదివిన దినమున బేతెస్ద రోగి నాకు మరల జ్ఞాపకమునకు వచ్చెను.

ఇప్పుడు సాధారణ క్షయకు ఆరు నెలల మందులు చాలును. ప్రభుత్వము ఉచితముగానే ఇచ్చుచున్నది. పోషణకు నెలకు 500 రూపాయలు 2018 లో మొదలుపెట్టి, 2024 నవంబరునుండి 1000 చేసిరి. కాని దానికి బ్యాంకు ఖాతా ఉండవలెను, కాగితములు సరిగా ఉండవలెను. అవి వ్రాసిపెట్టు చదువరులు మన సంఘములో ఎందరో ఉన్నారు. మందు మొదలుపెట్టగానే మూత్రము ఎఱ్ఱగా వచ్చును. అది రక్తము కాదు, మందు రంగు. ఈ ఒక్క మాట చెప్పువారు లేక భయపడి మానివేయువారు ఉన్నారు. రెండవ నెలలో దగ్గు తగ్గును, ఆకలి పుట్టును. ఇక చాలునని మాత్రలు మానివేయుట అప్పుడే. సగములో మానినయెడల రోగము తిరుగబెట్టును, మందులకు లొంగని రోగముగా మారవచ్చును. మరియు, సహోదరీలారా, ఆమె గ్లాసును వేరుగా పెట్టకుడి. ఈ రోగము దగ్గినప్పుడు గాలిలోనుండి అంటునుగాని కంచమునుండి అంటదు. కిటికీ తెరచి ఆమె ప్రక్కన కూర్చుండుడి.

ప్రార్థన వ్యర్థమని నేను చెప్పుట లేదు. ప్రార్థించి లేచి ఎక్కడికి పోతిమి అని అడుగుచున్నాను. సువార్తలో ఆ మనిషి లేచి పరుపెత్తుకొని నడచినప్పుడు భక్తిపరులు ఏమి చూచిరి? విశ్రాంతిదినమున పరుపు మోయుచున్నాడని చూచిరి. అన్ని ఏండ్లు వాడు పడియుండగా వారిలో ఎవరైనను వానిని పలుకరించిరని వ్రాయబడలేదు. ఆమె ఆరాధనకు రాలేదని లెక్కపెట్టిన నాకును వారికిని భేదమేమి?

సంఘపెద్దలు ఈ విషయము మాటలాడుకొని ఒక ఏర్పాటు చేసిరి. బస్తీలో ఎవరికైనను రెండు వారములకు మించి దగ్గు ఉన్నయెడల, ప్రార్థనకు పేరు ఇచ్చునప్పుడే తోడు పోవువారి పేరు కూడ వ్రాయవలెను. ఆ దినపు కూలి నష్టము దీనుల నిధినుండి ఇయ్యబడును. ఇంతవరకు పదకొండుగురు పేర్లిచ్చిరి. వారిలో పురుషులు ఇద్దరే, ఇది నాకు కొంచెము సిగ్గుగా ఉన్నది.

ఆ సహోదరి మందులు ఇప్పుడు నాల్గవ నెలలో ఉన్నవి. రెండు ఇండ్ల పని తిరిగి పట్టుకొన్నది. రాబోవు శుక్రవారము ఆమె వెంట పోవలసిన వంతు నాది.