అడవి అంచున వేడి

నల్లమలలోని నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం దేశంలోకెల్లా పెద్దది. అక్కడి చెట్లు చాలావరకు ఎండాకాలం ముందే ఆకు రాలుస్తాయి. అయినా కొమ్మల నీడ, రాలిన ఆకుల పొర మట్టిని కాస్తాయి. చిగురు వేశాక, వేళ్లు తోడిన నీటిని ఆకులు ఆవిరి చేస్తుంటే ఎండ వేడి కొంత అందులోనే ఖర్చవుతుంది. చెట్లు కొట్టి రోడ్డో క్వారీయో వేస్తే ఆ వేడంతా నేలకే దిగుతుంది. వాతావరణ కేంద్రం చెప్పేది గాలి వేడి. మే మధ్యాహ్నం బోడినేల అంతకన్నా ఎంతో ఎక్కువ కాలుతుంది. ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు 1980ల నుంచి ఈ నేలవేడిని కొలుస్తున్నాయి. అభయారణ్యం సరిహద్దు రాళ్లు బయటి బోడినేల మీది వేడిగాలిని ఆపలేవు. అది లోపలికొచ్చి అంచు చెట్లను ఎండబెడుతుంది, కార్చిచ్చుకు దారి చేస్తుంది. అందుకే అభయారణ్యం బయట మిగిలిన చిట్టడవిని పనికిరాని భూమిగా లెక్కగట్టడం ముందు మానాలి.