తొలి గంట అమానతు

తల్లిపాలు శిశువు హక్కు. దివ్యఖుర్‌ఆన్ బఖరా సూరా 233వ ఆయతు పూర్తికాలం పాలివ్వదలచిన వారికి రెండేళ్ల గడువు చెప్పింది. అయితే ఆ ఆయతు తల్లి దగ్గరే ఆగిపోలేదు. ఆమె తిండీ బట్టా తండ్రి చూసుకోవాలంది. ఎవరిపైనా శక్తికి మించిన భారం మోపరాదంది. పాలిచ్చేది తల్లే అయినా, ఆమె ఇవ్వగలిగేలా చూడటం చుట్టూ ఉన్నవారి విధి అని దీన్నిబట్టి మనకు అర్థమవుతుంది.

మరి కాన్పయిన తొలి గంటలో ఆమె చుట్టూ ఎవరుంటారు? తండ్రి గది బయట ఉంటాడు. తల్లి నొప్పులతో అలసి ఉంటుంది. బిడ్డ ఉండేది మంత్రసాని చేతుల్లో, నేడైతే నర్సు చేతుల్లో. ఆ ఘడియలో శిశువు హక్కు ఆమె వద్ద అమానతు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. కాని తొలి గంటలో తల్లిపాలు అందిన పిల్లలు నూటికి 37 మందే! ఆపరేషన్లు ఎక్కువ కావడమే కారణమని కొందరంటారు. నడుముకు మత్తిచ్చిన తల్లి మెలకువగానే ఉంటుంది. ఒకరు బిడ్డను పట్టుకుంటే చాలు, ఆమె పాలివ్వగలదు.

మంత్రసాని చేయవలసిన పనికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. బిడ్డను తుడిచి, తల్లి గుండెలపై ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టాలి. చనుమొనతోపాటు చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా నోటికి అందేలా పట్టించాలి. ముర్రుపాలు కొద్దిగానే వస్తాయని, బిడ్డ చీకేకొద్దీ పాలు పెరుగుతాయని తల్లికి ధైర్యం చెప్పాలి. ‘పాలు పడలేదు’ అంటూ డబ్బాపాలకు తొందరపడే పెద్దలకు నచ్చజెప్పాలి. ఏడాది నిండని బిడ్డకు తేనె ప్రమాదకరం కనుక నాకించవద్దని వారించాలి.

ఇంత చేసినా పాలివ్వలేని తల్లులుంటారు. వారిని నిందించే హక్కు మనకు లేదు. దాదిచేత పాలిప్పించే అనుమతి కూడా ఆ ఆయతులోనే ఉంది.

ఫిరౌన్ ఇంట ఏ దాది పాలూ ముట్టని పసి మూసా (అలైహిస్సలాం)ను తిరిగి తల్లి ఒడికి చేర్చడానికి అల్లాహ్ ఆయన అక్కను సాధనంగా చేశాడు. తల్లీబిడ్డల నడుమ అలాంటి ఓ చేయి ప్రతి కాన్పులోనూ అవసరమే. కాన్పుకు ముందే ఆసుపత్రి వారితో ఈ విషయం మాట్లాడుకుందాం. బాలింత ఇంట్లో మనమూ ఆ చేయి అందిద్దాం. మన ఆడపిల్లలు నర్సు చదువు చదువుతామంటే ప్రోత్సహిద్దాం. అల్లాహ్ మనకు ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.