బరువు తగ్గాలంటే కడుపు మాడ్చుకోవాలా?

బరువు తగ్గాలనుకోగానే చాలామంది అన్నం మానేస్తారు. సాయంత్రానికి ఆకలి తట్టుకోలేక పునుగుల బండి దగ్గర ఆగుతారు, రాత్రంతా తమను తామే తిట్టుకుంటారు. దీన్ని నిగ్రహం అనొచ్చా? అతిగా తినేవాడికే కాదు, బొత్తిగా తిననివాడికీ యోగం కుదరదని భగవద్గీత 6వ అధ్యాయం 16వ శ్లోకంలో కృష్ణుడే చెప్పాడు.

దసరాల్లో మన ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మకు అన్నపూర్ణాదేవి అలంకారం చేస్తారు కదా. సాక్షాత్తూ శివుడికే భిక్ష పెట్టిన తల్లి ఆమె. ఆ తల్లి పెట్టే అన్నాన్ని శత్రువులా చూడటం ఎందుకు? కంచంలో కూర, పప్పు ఎక్కువ వేసుకుని, అన్నం కొంచెం తగ్గించండి. పీచు, ప్రోటీన్ ఉంటే కడుపు ఎక్కువసేపు నిండుగా ఉంటుంది. ఇంకో గరిటె వడ్డించబోతే "చాలమ్మా" అని తృప్తిగా అనగలగాలి. అసలు నిగ్రహం అదేనండి.

శ్రీ మాత్రే నమః.