అనుష్ఠానము – సహవాసము

అక్షయ తృతీయనాడు నిజరూప దర్శనమైన పిదప సింహాద్రినాథునకు చందనము సమర్పింతురు. అది ఒక్కనాటితో ముగియదు. ఆనాడు మూడు మణుగులు. పిదప వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పూర్ణిమలయందు మూడేసి మణుగులు. ప్రతి విడతకును ముందుగా కొన్ని దినములు పలువురు కూర్చుండి చందనపు చెక్కలను సానలపై అరగదీయుదురు. ఒక్క తిరుగుడుకు వచ్చునది గోరంత గంధమే.

తుది విడతకు ముందటి దినమున, ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు, గిరిప్రదక్షిణము. తొలిపావంచా వద్ద కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక, మాధవధార, గోపాలపట్నముల మీదుగా సుమారు 32 కిలోమీటర్లు నడచి లక్షలాది భక్తులు కొండను చుట్టి వత్తురు. ఓడరేవు, ఉక్కు కర్మాగారముల కార్మికులును జట్లుగా సాగుదురు. ఆ నడకను తక్కువ చేయుట నా అభిమతము గాదు. కాని "ఇకపై నిత్యము వేకువనే లేచి నడచెదను" అని ఆనాటి ఉత్సాహమున సంకల్పించినవారిలో ఎందరు శ్రావణమును దాటుదురు? వీధి చివరి గుడివఱకు పోయి వచ్చు నియమమైనచో నిలుచును. అల్పమైనను ధర్మాచరణము వ్యర్థము గాదని గీత రెండవ అధ్యాయమున భగవానుడు అభయమిచ్చెను గదా.

ఇచట ఒక ఆక్షేపము కలదు. పొరుగువాడు వాకిట నిలిచి పిలిచినందున లేచినవానికి ఫలమేమి? పదిమందికి వెఱచి మానిన దురభ్యాసము మానినట్లగునా? ఈ ప్రశ్న తేలికైనది కాదు. సిగ్గుచే చేసినదియు శ్రద్ధచే చేసినదియు ఒక్కటి కావు.

అయితే తిరుప్పావైని పరిశీలింపుడు. నేయి, పాలు విడచి, వేకువ స్నానమాడు వ్రతము గోదాదేవి పట్టినది, ఒంటరిగా పోలేదు. ముప్పది పాశురములలో ఆఱవది మొదలు పదునైదవది వఱకు పదింటిని నిద్రించు చెలులను మేల్కొలుపుటకే వినియోగించినది. ఆ నిద్రించువారిని వ్యాఖ్యాతలు మహాభాగవతులనియే భావించిరి. వారికే పిలుపు వలసినచో మనకు నామోషీ యేల?

వేదపాఠశాలలో సంత చెప్పుకొనుట ఎఱిగినవారికి ఈ సంగతి సులభముగా బోధపడును. గురువు ఒకమాఱు పలుకగా శిష్యులు రెండుమాఱులు పలుకుదురు. ఒకని గొంతు తడబడినచో ప్రక్కవాని స్వరము మోయును. మొదట అది అరువు స్వరమే. కొన్నేండ్లకు ఏది అరువో, ఏది సొంతమో వానికే తెలియదు.

సహవాసము చెడునుగూడ ఇట్లే నేర్పును. మన తీరమున కొందఱు స్త్రీలు చుట్ట నిప్పుకొనను నోటిలోపల నుంచి కాల్చు అడ్డపొగ, పెద్దలను చూచి పిన్నలకు అబ్బినదే. అంగిలి పుండ్లకు, క్యాన్సరునకు అది హేతువని వైద్యులు నిరూపించిరి. దానిని విడువగోరు ఆడపడుచునకు మన ఉపన్యాసములకంటె, సరిగా ఆ చుట్ట వేళకే వచ్చి అరుగుపై కూర్చుండి నామము పాడు పొరుగామె మేలు. మొదట ఒక్కపూట మానిన చాలును. రెండవపూట సంగతి ఆ పొరుగామె మరల వచ్చినపుడు చూచుకొనవచ్చును.